బియ్యం డ్రమ్ములో బర్బన్

మా అత్తగారి పేరు ఈశ్వరి. ఆవిడకు స్కాచ్ విస్కీ పడదు, బర్బన్ విస్కీ అయితే ఇష్టం. ఒక ఆడమనిషి గురించి, అందులోనూ సొంత అత్తగారి గురించి, కథ ఇలా మొదలుపెట్టడం మర్యాద కాదని నాకు తెలుసు. కానీ మొన్న ఎండాకాలం మా మావయ్య సంవత్సరీకం నాడు వాకిలి నిండా ఉన్న చుట్టాల ముందు ఆ మాట ఆవిడే చెప్పుకుంది. చెప్పకుండా ఉండగలిగితే ఉండేదే. ఇక నాకెందుకు దాపరికం?

మాది కళింగపట్నం. నా పుట్టిల్లు మాత్రం నెల్లిమర్ల. మా నాన్న అక్కడి జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. ఇంట్లో ఎక్కడైనా గోనెసంచి కనిపిస్తే చాలు, ముక్కు మూసుకుని తీసుకెళ్ళి బయట పారేసేవాడు. ఆ గోనెలే కదా మనకి అన్నం పెట్టింది అని అమ్మ దెప్పేది. "అన్నం పెట్టింది, కాదన్నానేటి? అలాగని పక్కలో ఎట్టుకు తొంగోమంతావేటే?" అనేవాడు. మా అత్తగారి సంగతి అర్థం చేసుకోవడానికి తర్వాత ఈ మాటే నాకు పనికొచ్చింది.

మా మావయ్య సోములు ఓడల మీద పనిచేసేవాడు. ఇంజిన్ గదిలో మోటార్‌మ్యాన్. ఏడాదిలో ముప్పావు వంతు సముద్రం మీద, మిగిలిన పావు ఇంట్లో. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఇంజిన్ల హోరులో బతికి బతికి, ఇంటికొస్తే చప్పుడు లేకుండా కూర్చోవడమే సుఖమనుకునేవాడు. కానీ కూర్చోనిచ్చేదెవరు? ఆయన పెట్టె ఆటోలోంచి దించకముందే జగన్నాధం గారు గుమ్మంలో ఉండేవాడు.

జగన్నాధం గారు మావయ్యకి చిన్ననాటి స్నేహితుడు. శ్రీకాకుళం డిపోలో బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. టికెట్లు కొట్టడం మానేశాడు గానీ, 'జరగండి, ముందుకి జరగండి' అనే గొంతు మాత్రం ఆయన్ని వదల్లేదు. మావయ్య సెలవు మీద వస్తే మా మేడ మీద చాపలు పరిచేది ఆయనే, ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పేది ఆయనే, స్కాచ్ సీసా మూత తీసేది కూడా ఆయనే. ఊళ్ళో షాపులో ఎవరూ వినని పేర్లున్న సీసాలు దొరికే రోజుల్లో మావయ్య తెచ్చిన సీసా అంటే దేవుడి తీర్థంతో సమానం.

"స్కాచంటే స్కాచేరా," అని మొదలుపెట్టేవాడు రెండో గ్లాసు మీద. "గొంతులో పొగ దిగాల, కడుపులో పొయ్యి ఎలగాల. అమెరికావోడు మొక్కజొన్నల్తో తీస్తాడే, అదేటి, బర్బను... ఓపాలి వైజాగులో తాగేను. అది మందేటి? తియ్యగా, దగ్గుమందునాగ ఉంతాది. సిన్న గుంటలకి పట్టడానికి పనికొస్తాది."

మావయ్య నవ్వేవాడు. ఔననేవాడు కాదు, కాదనేవాడు కాదు. నేను నెత్తళ్ళ చేపల వేపుడు పట్టుకుని పైకి వెళ్ళినప్పుడల్లా చూసేదాన్ని. అందరి గ్లాసులూ నిండుతూ ఖాళీ అవుతూ ఉంటే ఆయన గ్లాసులో మొదట పోసింది పోసినట్టే ఉండేది. షుగరుంది కాబోలు, ఎవరికీ చెప్పడం లేదు కాబోలు అనుకున్నాను.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒక పొద్దున్న అన్నానికి బియ్యం తియ్యబోతే డ్రమ్ములో నా చేతికి చల్లగా గాజు తగిలింది. తీసి చూస్తే బర్బన్ సీసా. సగముంది. నేనేమీ పల్లెటూరి బిత్తరదాన్ని కాదు, గ్రామ సచివాలయంలో ఉద్యోగం చేస్తున్నాను, ఏ సీసా ఏమిటో చదివి తెలుసుకోగలను. పాపం పెద్దాయన, మేడ మీద మందు చాలక ఇక్కడ కూడా దాచుకుంటున్నాడు అనుకుని మళ్ళీ బియ్యంలో పాతిపెట్టేశాను. మా ఆయన మురళీమోహన్‌కి కూడా చెప్పలేదు. కొత్త కోడలు మావగారి మీద చాడీలు చెప్పిందంటే బావుంటుందా?

తర్వాత కొన్నాళ్ళకి, మేడ మీద కూటం లేని ఒక సాయంత్రం, దీపాల వేళ పెరట్లోకి ఆరిన బట్టల కోసం వెళ్ళాను. బట్టలుతికే రాయి మీద మా అత్తగారు, ఎదురుగా బోర్లించిన బకెట్టు మీద మావయ్య. ఇద్దరి చేతుల్లోనూ స్టీలు గ్లాసులు. నన్ను చూసి మావయ్య దొంగకు తేలు కుట్టినట్టు ఉండిపోయాడు. ఆవిడ మాత్రం కదల్లేదు.

"ఏటలా సూస్తన్నావు? తాగుతన్నాం. నువ్వూ కూకో," అంది.

కూర్చున్నాను. నిలబడితే ఇంకా ఇబ్బందిగా ఉంటుందనిపించింది. ఆవిడ తన గ్లాసు నా ముక్కు దగ్గర పెట్టింది. "బెల్లం పాకం వాసన రాలేదేటి? ఓ సుక్క నాలిక్కి రాసుకో." రాసుకున్నాను. అడుగంటిన పాకం గిన్నెని గోకి నాకినట్టుంది, ఆ వెనకే మంట. నిజం చెప్పొద్దూ, నాకు నచ్చలేదు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు. నచ్చలేదని చెబితే ఆవిడ సంతోషంగా, "మంచిదే, మాకు మిగుల్తాది," అంది.

వాళ్ళిద్దరూ తాగేది ఎంతనుకున్నారు? గ్లాసు అడుగున రెండు గుక్కలు. దానికి గంటసేపు పట్టేది. ఆవిడ ఇంట్లో సంగతులు చెబుతుండేది, ఆయన వింటుండేవాడు. పాలు ఎవరు పోస్తున్నారు, ప్రహరీ గోడ ఎవరు జరిపారు, ఎవరింటి కోడలు అలిగింది. ఆయన ఓడ మీదున్నన్నాళ్ళూ పోగుపడిన కబుర్లన్నీ వరసలో పెట్టి చెప్పేది. మేడ మీద నలుగురి మధ్య నోరు విప్పని మనిషి అక్కడ మాత్రం, "అప్పుడు నువ్వేటన్నావు?" అని మధ్యమధ్యలో అడిగేవాడు. అది చూశాక నాకు వాళ్ళ మీద కొంచెం అసూయ కలిగింది. మా ఆయన శ్రీకాకుళంలో సెల్‌ఫోన్ల షాపు మూసి ఇంటికొచ్చాక కూడా సెల్‌ఫోనే చూస్తాడు.

స్కాచ్ అంటే ఎందుకు పడదో ఆవిడే ఒకరోజు చేపలు తోముతూ చెప్పింది.

"ఓ ఏడు మీ మావయ్య మొదటిపాలి స్కాచి తెచ్చేడు. మూత తీసి నా ముక్కుకాడ ఎట్టి, దొరసానులు తాగుతారంట సూడు అన్నాడు. సూద్దును కదా, మా సేపల కళ్ళం వాసన! వానల్లో ఎండ రాకపోతే కొబ్బరి పీచు పొగేసి సేపలు ఆరబెట్టేవోళ్ళం. ఆ పొగా, ఆ ఉప్పూ అచ్చం అదే. సిన్న గుంటప్పటి నించీ ఎండుసేపల బుట్టెత్తుకుని సంతలకి తిరిగినాను నాను. బస్సెక్కితే కండక్టరు బుట్ట పైనెయ్యమనేవోడు, నన్ను ఎనక్కెల్లమనేవోడు. పక్కన కూకున్నోళ్ళు ముక్కుకి గుడ్డడ్డం ఎట్టుకునేవోళ్ళు. ఇంటికొచ్చి కుంకుడికాయల్తో ఎంత రుద్దుకున్నా పోయేది కాదు. అంతలా కడుక్కున్న వాసనని ఈ మనిసి డాలర్లెట్టి కొనుక్కొచ్చేడు. నాకు ఏడుపొచ్చేసినాది."

"మావయ్యేమన్నాడు?"

"ఏటంతాడు. మూతెట్టీసినాడు. మరుసటేడు రెండు సీసాలు తెచ్చేడు. ఒకటి మేడమీదకి, ఒకటి నాకు."

అప్పుడు నాకు మా నాన్న గోనెసంచి గుర్తొచ్చింది. ఇంకొకటి కూడా తోచింది. బస్సులో ఈవిడ పక్కన ముక్కు మూసుకున్న పెద్దమనుషులే మా మేడ మీద కళ్ళు మూసుకుని ఆ పొగ వాసనే పీల్చి ఆహా అంటున్నారు. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

రిటైరయ్యాక మావయ్యకి ఆయనతో పనిచేసిన బెన్హర్ అనే కుర్రాడు ఓడ దిగినప్పుడల్లా రెండు సీసాలూ తెచ్చిపెట్టేవాడు. నిరుడు ఎండాకాలం గుండెపోటుతో మావయ్య పోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే అయిపోయింది. ఆఖరిసారి బెన్హర్ తెచ్చిన బర్బన్‌లో వాళ్ళిద్దరూ తాగింది కొంచెమే. ఆ తర్వాత అత్తగారు దాన్ని ముట్టలేదు. డ్రమ్ములో బియ్యం తగ్గి సీసా మెడ బయటపడితే, ఇంకో బస్తా తెప్పించి పోయించేది.

మా వైపు పోయిన మనిషికి ఏడాది పెట్టేటప్పుడు ఆ మనిషి ఇష్టపడి తిన్నవీ తాగినవీ పటం ముందు విస్తట్లో పెడతాం. అన్నీ పెట్టి దీపం వెలిగించి, తలుపు దగ్గరగా వేసి అందరం బయట కూర్చుంటాం. పోయినవాళ్ళు ఒక్కళ్ళూ నెమ్మదిగా వచ్చి తిని వెళ్తారని నమ్మకం. ఇష్టమైనది కనబడకపోతే చూసి ఉసూరుమని వెళ్ళిపోతారంటారు. చుట్ట తాగిన తాతకి చుట్ట, సారా తాగిన నాన్నకి సారా. ఇందులో మాకు సిగ్గేమీ లేదు. పెట్టకపోతేనే తప్పు.

సంవత్సరీకం పొద్దున్న విస్తరి నిండింది. వంజరం పులుసు, కోడికూర, గారెలు, సిగరెట్టు పెట్టె, పక్కన కొత్త లుంగీ, తువ్వాలు. మా ఆయన వైజాగు నుంచి అట్టపెట్టెతో సహా స్కాచ్ సీసా తెచ్చి పటం ముందు నిలబెట్టాడు. వాకిట్లో షామియానా కింద చుట్టాలంతా మెచ్చుకోలుగా చూశారు. నాన్నకి లోటు చెయ్యలేదన్న తృప్తి మా ఆయన మొహంలో కనబడుతోంది. తప్పు పట్టలేను, ఆయనకు తెలిసింది మేడ మీది నాన్నే.

అత్తగారు గుమ్మంలో నిలబడి, "అది కాదురా. అది తియ్యి. ఆయనకి ఇంకోటుంది," అంది.

"ఏంటమ్మా ఇంకోటి?"

"బర్బను."

షామియానా కిందనుంచి జగన్నాధం గారు పెద్దగా నవ్వాడు. "బర్బనేటి వదినా! ఆ దగ్గుమందా? ఆడు నాతో ముప్పయ్యేళ్ళు స్కాచే తాగేడు. మూత తీసింది నాను. ఆడికేటిష్టమో నీకేటి తెలుసు? అసలు ఆడు ఇంట్లో ఉన్నదెన్నాళ్ళు?"

ఆయన చెడ్డవాడు కాదు. ఆ నోరంతే. కానీ ఆ మాట పడ్డాక అత్తగారి మొహం చూడలేకపోయాను. జీవితమంతా మొగుడి కోసం నెలలు లెక్కపెట్టుకున్న మనిషిని నలుగురిలో అడగాల్సిన మాటేనా అది? ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేనూ వెనకే వెళ్ళాను.

డ్రమ్ము పక్కన నేల మీద కూలబడింది. "ఎలా తెలుసో సెప్పాలంటే నానూ తాగేనని సెప్పాల. సెప్తే మొగుడి ఏడాదినాడు ముండమోపి మందు మాటెత్తిందని ఊరు నవ్వుతాది. సెప్పకపోతే ఆయనొచ్చి ముట్టకుండా ఎలిపోతాడే. ఏడాది నించీ సూస్తన్నాను ఈ రోజు కోసం."

"నేను చెబుతానత్తమ్మా. నేను కళ్ళారా చూశాను కదా."

"నువ్వొద్దు. కోడలు అత్తని అల్లరిపెట్టిందంతారు," అని కళ్ళు తుడుచుకుంది. బయట మా ఆయన దీపం వెలిగించమని ఎవరికో చెబుతున్నాడు. ఆ మాట వినగానే ఆవిడ లేచి, భుజం దాకా చెయ్యి బియ్యంలోకి దించి సీసా పైకి లాగింది. ఒంటికి అంటుకున్న బియ్యం గింజలు దులపకుండానే, రెండు స్టీలు గ్లాసులు పట్టుకుని వాకిట్లోకి నడిచింది.

"జగన్నాధం, ఇటు సూడు. ఆయన ఇంట్లో ఉన్నదెన్నాళ్ళని అడిగినావు. ఉన్నన్నాళ్ళూ నువ్వొచ్చిన పూట మేడమీద నీతో కూకున్నాడు. నువ్వు రాని పూట పెరట్లో నాతో కూకున్నాడు. నీతో స్కాచి తాగేడు, నిజిమే. నాతో ఇది తాగేడు. ఇద్దరం తాగేం."

మా ఆయన, "అమ్మా!" అన్నాడు, ఎర్రగా కందిపోయి.

ఆవిడ ఆగలేదు. "అయినా ఆయనకి ఏ సీసా అయినా ఒకటే. నాకిదిష్టమని తెచ్చేవోడు. అన్నేళ్ళు అంత దూరం నించి ఓడ దిగి వొచ్చేడు కదా, ఎవరికోసం వొచ్చేడంతావు? మేడమీద సీసా కోసమేటి? ఈయేల వొచ్చినా నాకోసమే వొస్తాడు. నా సీసా లేని ఇస్తట్లో ఆయనకేటి పని?"

ఎవరో ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు. మగవాళ్ళలో ఎవరో, మందు ముట్టిన ఆడది పటం దగ్గరికి వెళ్ళొచ్చా అని గొణిగారు. అప్పటిదాకా గోడకి జారబడి కూర్చున్న మా మావయ్య అక్క లక్ష్మణమ్మ కదిలింది. ఆవిడది అడ్డపొగ అలవాటు. మా వైపు ముసలమ్మలు కొందరు నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు, ఎవరూ వింతగా చూడరు. ఆవిడ చుట్ట నోట్లోంచి తీసి, నిప్పు కొసని అందరికీ చూపించింది.

"నా నోట్లో నిప్పుంటే లేని తప్పు, దాని గ్లాసులో సుక్కుంటే వొచ్చీసినాదేట్రా? నా తమ్ముడు పోసేడు, అది తాగింది. మజ్జిన మీకేటి?" అని మళ్ళీ చుట్ట నోట్లో పెట్టుకుంది.

మా ఆయన స్కాచ్ సీసా తియ్యబోతే అత్తగారే ఆపింది. "పక్కనుండనీ. నలుగురొస్తే పోస్తాడు." విస్తరి దగ్గర మాత్రం రెండు గ్లాసులూ పెట్టి, అలవాటు ప్రకారం అడుగున రెండేసి గుక్కలు పోసింది. అందరం బయటికి వచ్చాం. ఆవిడ రాలేదు. లోపల ఎవరూ ఉండకూడదమ్మా అని మా ఆయన పిలిస్తే, "ఆయన ఒక్కడూ తాగడురా," అని లోపలినుంచి తనే తలుపు దగ్గరగా వేసుకుంది.

నేను గుమ్మానికి దగ్గరగా కూర్చున్నాను. సన్నగా ఆవిడ మాటలు వినబడ్డాయి. మేడ మీద ట్యాంకు కారుతోందని, కొడుకు పట్టించుకోవడం లేదని చెబుతోంది. బెన్హర్ పెళ్ళయిందని, అమ్మాయి రాజాం వైపుదని చెబుతోంది. మా ఆయన కూడా విన్నాడు. తలొంచుకుని, పక్కనున్న నా చెయ్యి పట్టుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

కాసేపటికి ఆవిడ తలుపు తీసుకుని బయటికొచ్చింది. ఆవిడ గ్లాసు ఖాళీగా ఉంది, ఆయన గ్లాసు అలాగే ఉంది. పెట్టినవన్నీ తలా కొంచెం పంచేటప్పుడు ఆ గ్లాసు జగన్నాధం గారికి ఇచ్చింది. ఆయన రెండు చేతులా అందుకున్నాడు. "ఆడు నాకొక్కపాలి కూడా సెప్పలేదు వదినా," అన్నాడు.

"సెప్తే దగ్గుమందంతావని."

ఆయన ఒక గుక్క తాగి, చాలాసేపు నోట్లోనే ఉంచుకుని మింగాడు. "తియ్యగానే ఉన్నాది," అన్నాడు. కళ్ళు తుడుచుకుని, "నాకైతే స్కాచే," అన్నాడు.

"తాగు, ఎవులొద్దన్నారు," అంది అత్తగారు.

సాయంత్రం చుట్టాలంతా వెళ్ళిపోయాక, మా ఆయన నిచ్చెన వేసుకుని ట్యాంకు చూస్తుంటే, ఆవిడ సీసాకి మూత బిగించి గుడ్డతో తుడిచి నాకిచ్చింది. నేను డ్రమ్ములో గొయ్యి చేసి దింపి పైన బియ్యం సర్దాను.

"అనూరాధా, నాను పోయేక నాకూ ఇస్తరేస్తావు కదా. అప్పుడు దీన్లోదే పొయ్యి. రెండు గ్లాసులూ ఎట్టు," అంది.

"అప్పటికి మిగులుతుందా అత్తమ్మా?"

"ఏడాదికోపాలి నాలుగు గుక్కలు. మిగలదేటి?" అని లేచి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "మరిసిపోయి ఆ పొగ సీసా ఎట్టేవో, గుమ్మంకాడ నించే ఎనక్కెలిపోతాం. ఇద్దరం."